కంప్యూటర్‌కు అరంగుళం లూజు

వారం రోజులుగా నా కంప్యూటర్ ఎడిటింగ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోతోంది. అక్క పెళ్లి వీడియో ఎల్లుండికల్లా ఇవ్వాలి. అందుకే ప్రాసెసర్‌ను చల్లబరిచే హీట్‌సింక్, ఫ్యాను కొనడానికి ఈ రోజు బయల్దేరాను. పెద్దదైతే బాగా చల్లబరుస్తుంది, కానీ క్యాబినెట్‌లో పట్టాలి. లోపల ఎంత జాగా ఉందో కొలవమని అమ్మనడిగాను. కోడంబాక్కంలో సినిమావాళ్లకు ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి, టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. ఆరున్నర అంగుళాలంది. నేను ఆరుంపావు అంగుళాల హీట్‌సింక్ తెచ్చి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు పూసి, బిగించాను. క్యాబినెట్ పక్క తలుపు మూసుకోలేదు.

మళ్లీ కొలిచాను. సరిగ్గా ఆరే!

"ఏంమా, ఆ అరంగుళం యాణ్ణించి వచ్చె?"

"లూజు పెట్టకుండా కొలత ఎట్ల చెప్పేదే? బిగుతైతే రేపొచ్చి నాతోనే గదా కొట్లాడేది!"

"అయ్యో, ఇది రవిక కాదుమా!"

"అయితే ఏం? దానికీ ఊపిరాడాల గదా."

పేస్టు పూసేశాను కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. చేసేదిలేక తలుపు తీసే ఉంచి పని మొదలుపెట్టాను. రెండు గంటలైనా ఆగలేదు! దుమ్ము పడుతుందని గొణుగుతుంటే, అమ్మ ఏదో షూటింగ్‌లో హీరోయిన్ పావడాకు కుట్టగా మిగిలిన గులాబీ రంగు నెట్ గుడ్డతో తెర కుట్టి తగిలించింది. దానికీ అరంగుళం లూజు ఉంది.

సాయంత్రం నుంచి నా కంప్యూటర్ హీరోయిన్ పావడా కట్టుకుని చల్లగా పనిచేస్తోంది. మీ ఇంట్లో అడగకుండా లూజు పెట్టేదెవరో చెప్పండి, మా అమ్మకు చదివి వినిపిస్తాను.