హైడ్రోజన్ పంపుకి హారతి

ఈ రోజు విశ్వకర్మ పూజ. భిలాయిలో స్క్రూడ్రైవర్‌కి కూడా బొట్టు పెడతారు, నాకేం అభ్యంతరం లేదు. కానీ నేను సేఫ్టీ చూసే హైడ్రోజన్ పంపు దగ్గర హారతా?

ట్రయల్ బస్సులో మొదటిసారి హైడ్రోజన్ నింపే ముందు పూజ జరగాలన్నారు. గేటు బయట చేసుకోండన్నాను, సరేనన్నారు. నేను బస్సు ట్యాంకు ప్రెషర్ చూసి వెనక్కి తిరిగేసరికి, పూజకి పెద్దమనిషిగా వచ్చిన స్టీల్ ప్లాంట్ రిటైర్డ్ ఫోర్‌మన్ సూరిబాబు మావయ్య పంపు ముందే కర్పూరం వెలిగించేశాడు.

"ఆర్పెయ్యండి మావయ్యా! ఈ గ్యాస్ అంటుకుంటే మంట కంటికి కూడా కనబడదు!"

"ఏటమ్మా, బతుకంతా బ్లాస్ట్ ఫర్నేస్ కాడ గడిపినోడికి మంటంటే బయమేటి? గ్యాస్ వాసన కూడా రావట్లేదు గదా!"

"దానికి వాసనే ఉండదు!"

ఈలోగా మంటను పసిగట్టే సెన్సర్ కర్పూరాన్ని చూసేసింది. సైరన్ మోగి, పంపు దానంతటదే ఆగిపోయింది. మళ్లీ నడిపించాలంటే రాయపూర్ నుంచి కంపెనీ ఇంజనీరు రావాలి. ఫోన్ చేస్తే, ఆయన కూడా పూజలో ఉన్నాడట!

బంతిపూల దండలతో బస్సు ఖాళీ ట్యాంకుతో నిలబడిపోయింది. వచ్చినవాళ్లంతా డీజిల్ బస్సెక్కారు. పోతూ పోతూ మావయ్య నా చేతిలో బూందీ పోసి, "సూసేవా, హారతి మద్దెలో అరిసేవు. అందుకే మిషను ఆగిపోనాది" అన్నాడు.

"సహీ బాత్ హై దీదీ," అంటూ మావయ్య మాటే నిజమన్నాడు ట్రయల్ బస్సు డ్రైవర్.

రేపు మా బాస్‌కి ఏం చెప్పమంటారు? సెన్సర్ సరిగ్గా పనిచేసిందనా, విశ్వకర్మ అలిగాడనా?