పెన్ను వద్దని కొన్న పలక

"నోరు లేదా నీకు? నేను పెన్ను వద్దంటుంటే పక్కనే బొమ్మలా నిలబడ్డావు!"

"ఉంది మామ్మా. బస్సులోనే మూయించావుగా. కొట్లో అడుగు పెట్టాక మాట్లాడావంటే చూడు అన్నావా, లేదా?"

"అన్నాను. అంత ముఖ్యమైనదైతే చెప్పొద్దూ?"

"రెండుసార్లు నీ చెంగు లాగాను. రెండోసారి గిల్లావు. ఇదిగో, ఇంకా ఎర్రగానే ఉంది, చూసుకో."

నేను చూడలేదు. చూస్తే ఒప్పుకోవాల్సి వచ్చేది.

మా ఇద్దరి మధ్యా మంచం మీద ఉంది ఆ వస్తువు. నల్లటి పలక, దానికో వైరు. కంప్యూటరుకు తగిలించి దాని మీద గీస్తే బొమ్మ తెర మీద పడుతుందట. డ్రాయింగ్ టాబ్లెట్ అంటారని మా మనవరాలు చెప్పింది. కొత్తది కొనే తాహతు మాకు లేదు. ఉన్నా నేను కొననిచ్చేదాన్ని కాదు. బెజవాడలో పాత కంప్యూటరు సామాన్లు అమ్మే కొట్లో ఒకటి ఉందని తనే కనుక్కొచ్చింది.

బొమ్మలు వేయడం పిల్లకి చిన్నప్పటి నుంచీ ఉంది. కంప్యూటర్లో వేయడమే కొత్త. వాళ్ల నాన్న ఆఫీసులో తీసేసిన కంప్యూటరు ఒకటి ఇంటికి తెచ్చాడు. దాని ముందు కూర్చుని, మౌసుతో గీస్తే గీత వంకర్లు పోతోందని ఏడ్చేది. ఆ వారమే బెజవాడ వన్ టౌన్‌లో పిల్లల అక్షరాల చార్టులు వేసే ప్రెస్సాయన దాని పెన్సిలు బొమ్మలు చూశాడు.

"చెయ్యి బాగుందమ్మా. కాని కాగితం మీద నాకొద్దు. రెండు బొమ్మలు కంప్యూటర్లో వేసి, రంగులద్ది, శనివారం పొద్దున పదింటికల్లా పట్రా. నచ్చితే చార్టులన్నీ నీకే. ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు మరి" అన్నాడట.

డిగ్రీ అయ్యి ఏడాదిగా ఇంట్లో ఉన్న పిల్ల. అది తనకు దొరకబోయే మొదటి పని. శుక్రవారం మధ్యాహ్నం మైలవరంలో బస్సెక్కాం.

మా ఇంట్లో బేరానికి ఒక పద్ధతి ఉంది. మా అత్తగారు నాకు నేర్పింది, నేను మిగతావాళ్లందరికీ నేర్పాను. ఒక్కరే మాట్లాడాలి. పక్కనున్నవాళ్లు వస్తువు వంక చూడకూడదు, నచ్చినట్టు మొహం పెట్టకూడదు, పెదవి కదపకూడదు. మనసుపడ్డామని అమ్మేవాడికి తెలిసిందా, ధర దిగదు. ఇత్తడి బిందెలూ, పాత కుట్టుమిషనూ, పిల్లలకి సైకిలూ అన్నీ అలాగే కొన్నాను. ఎక్కడా మోసపోలేదు. ఆ గర్వం నాకుంది.

కొట్టతను పలకను బల్ల మీద పెట్టి, పక్కన లావుపాటి పెన్నొకటి పెట్టాడు. రెండింటికీ కలిపి ధర చెప్పాడు. సగానికి అడిగాను. నవ్వాడు. లేచి గుమ్మం దాటాను. అనుకున్నట్టే వెనక్కి పిలిచాడు.

"మామ్మగారూ, మీరన్న ధరకి పలక ఒక్కటీ పట్టుకెళ్లండి. పెన్నుకి మాత్రం వేరే ఇవ్వాలండీ."

"నీ పెన్ను నువ్వే ఉంచుకో నాయనా. మా ఇంట్లో పెన్నులకేం కరువు లేదు."

నేను చదివింది మూడో తరగతి. నేనెరిగిన పలక మీద ఏ బలపమైనా రాసేది. ఈ పలకకు దాని జత పెన్నే కావాలనీ, ఇంకేది పెట్టినా పలకదనీ నాకేం తెలుసు? పిల్ల చెంగు లాగితే, అడిగింది ఇచ్చేయమని తొందరపెడుతోందనుకుని గిల్లాను. కొట్టతనికి తెలుసు. తెలిసీ కాగితంలో చుట్టి దారం కట్టి ఇచ్చాడు. అతని చోట నేనుంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. అందుకే అతన్ని తిట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

మెట్లు దిగిన మరుక్షణం పిల్ల చెప్పింది, ఆ పెన్ను లేకపోతే ఇది ఉత్త అట్టముక్కని. అప్పుడైనా వెనక్కి తిరగాల్సింది. దిగిన మెట్లు మళ్లీ ఎక్కితే అతని ముందు లోకువైపోతామని, "పద, ఇంట్లో ఏదో ఒకటి పనికొస్తుంది" అని బస్టాండు దారి పట్టించాను.

ఇంటికొచ్చి, వైరు తగిలించాక, బాల్ పెన్ను పెట్టి నేనే గీశాను. పలక మీద నీలం సిరా పడింది. తెర మీద ఏమీ లేదు. గట్టిగా నొక్కితే పలక మీద గీటు పడింది. పిల్ల నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. జగడం అక్కడే మొదలైంది.

"ఇంక దీని మీద బియ్యం ఏరుకో మామ్మా. నల్లగా ఉంది కదా, గింజలు బాగా కనబడతాయి."

"వెటకారాలు చాలు. పొద్దున్నే వెళ్దాం. అతను అడిగినంతా ఇచ్చి తెచ్చుకుందాం."

"పదింటికి బొమ్మలివ్వాలి. ఎప్పుడు తెచ్చుకుని ఎప్పుడు వెయ్యను?"

"ప్రెస్సాయనతో నేను మాట్లాడతాలే. ఒక్క రోజు ఆగమంటాను."

"ఆయనతో కూడా బేరమేనా?"

పిల్ల అన్నం తిని, కంచం కడిగి బోర్లించి, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే బస్సుకి వెళ్లి కొట్టు ముందు నిలబడ్డాం. తొమ్మిదింటికి అతను షట్టరు ఎత్తాడు. చెంగు ముడి విప్పి, "ఎంతైనా తీసుకో నాయనా, ఆ పెన్నివ్వు" అన్నాను. ధర అడక్కుండా ముడి విప్పడం నా జన్మలో అదే మొదలు.

"అయ్యో, నిన్న మీరు వెళ్లిన గంటకే పోయిందండీ. హనుమాన్ జంక్షన్ నుంచి ఒకాయన వచ్చారు, వాళ్ల పలకకి పెన్ను పోయిందట. చెప్పిన ధరకే పట్టుకెళ్లారు" అన్నాడు. విడిగా ఊళ్లో ఇంకెక్కడా దొరకదన్నాడు. తర్వాత పిల్లవైపు తిరిగి, "మామ్మగారికి తెలీదు సరే, మీకు తెలుసు కదమ్మా. నిన్న మీరైనా ఒక్క మాట అనొద్దూ?" అన్నాడు.

పిల్ల నావైపు చూసింది. కొట్లోనే ఉన్నాం కదా, నోరు విప్పలేదు.

పదింటికి ప్రెస్సుకి వెళ్లాం. పెన్సిలు బొమ్మలు బల్ల మీద పెట్టింది. ప్రెస్సాయన వాటిని సర్ది మళ్లీ దాని చేతికే ఇచ్చి, ఇవి కాగితం మీదవే కదా, పని ఇంకొకాయనకే ఇస్తున్నానన్నాడు. ఒక్క రోజు ఆగమని నేను ఆయన్ని అడగలేదు. పదకొండు గంటల బస్సుకి ఇంటికొచ్చేశాం.