దర్శి లారీ పందెంలో ఎడమ సీటు

దర్శి దగ్గర జరిగే లారీ పందేనికి నేను సరదాకి బయలుదేరలేదు. కుళ్లుతో బయలుదేరాను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక. నా పేరు వీరయ్య. గుంటూరు మిర్చి యార్డు నుంచి ముప్పై ఎనిమిదేళ్లు లోడు లారీ తోలాను. చదివింది మూడో తరగతి, ఆ తర్వాత అక్షరాలన్నీ మైలురాళ్ల మీదే చూసుకున్నాను. ఇవి కూడా ఫోన్‌తో మాట్లాడితే పడిన అక్షరాలే, తప్పులు మా వీధిలో సువార్తమ్మ టీచరు దిద్దింది. నా బండి మీద తొమ్మిదేళ్లు క్లీనరుగా చేసినవాడు మస్తాన్. మా పాత డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో వాడి ఫొటో వచ్చింది. పోయిన ఏడు పందెం గెలిచినప్పటిదట, లారీ క్యాబిన్ మీద నిలబడి ఉన్నాడు, మెడలో దండ. ఈ ఆదివారం మళ్లీ పందెం, అందరూ రావాలని కింద రాశారు. దాని కింద వరసగా ‘మస్తాన్ గారికి జయం’, ‘మస్తాన్ గారికి జయం’. గారు! వాణ్ణి నేను ఏనాడూ ‘ఒరేయ్’ అని తప్ప పిలిచింది లేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు, వాడు ఓడిపోతుంటే కళ్లారా చూడాలని సంచి సర్దుకున్నాను.

ఆదివారం పొద్దున అయిదున్నరకి గుంటూరు బస్టాండులో అద్దంకి బస్సెక్కాను. టికెట్టు నూట ముప్పై. డ్రైవరు వెనకే సీటు దొరికింది. చిలకలూరిపేట దాటాక వాడు బండిని మూడో గేరులో ఈడ్చుకుపోతుంటే ఊరుకోలేకపోయాను.

"గేరు మార్చవయ్యా, ఇంజను ఏడుస్తోంది."

"దాని ఏడుపు నాకు వినపడతానే ఉంది పెద్దాయనా. మీ ఏడుపేందో చెప్పండి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మే నెలాఖరు కదా, చేలన్నీ ఖాళీ. పత్తి కట్టె పీకి కుప్పలేశారు. మిరప కళ్లాల్లో ఎవరూ ఏరుకోని తాలుకాయలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. యార్డుకి వేసవి సెలవులిచ్చారు కాబట్టి లారీలకు పని లేదు. ఈ పందెం పుట్టింది కూడా అందుకే. సెలవుల్లో ఊరికే నిలబడ్డ పాత బండ్లను దర్శి చుట్టుపక్కల డ్రైవర్లు ఎర్రనేల బీడులో తిప్పడం మొదలుపెట్టారు, అది పెరిగి ఇంతయింది.

ఎనిమిదింటికి అద్దంకి. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీ తిని, దర్శి బస్సు పట్టుకుని తొమ్మిదింపావుకి దిగాను. అక్కడికి అరవై రూపాయలు. దర్శి నుంచి పొదిలి రోడ్డులో షేర్ ఆటోలు పందెం దగ్గరికే పోతాయి, మనిషికి ముప్పై.

"మస్తాన్ మలుపు కాడ దింపుతా తాతా, ఆడైతే బాగా కనపడుద్ది," అన్నాడు ఆటో అతను.

"మస్తాన్ మలుపా? అదేంది?"

"గెలిచినోళ్ల పేరు ఏడాదంతా ఆ మలుపుకి పెడతారు. ఈసారి కూడా మస్తాన్ గారే కొడితే ఇంక పేరు మార్చరు. సిమెంటు దిమ్మ కట్టి పేరు చెక్కుతారంట."

నేను తోలిన బండ్ల మీద యజమానుల పేర్లుండేవి, వాళ్ల పిల్లల పేర్లుండేవి, వాళ్ల దేవుళ్ల పేర్లుండేవి. నా పేరు ఏ బండి మీదా లేదు, ఏ గోడ మీదా లేదు. ఆటో దిగగానే కనిపించింది, రేకు బోర్డు మీద నీలం రంగుతో ‘మస్తాన్ మలుపు’. ఆ అక్షరాలు మాత్రం కూడబలుక్కోకుండానే చదివేశాను.

చూడాలనుకునేవాళ్ల కోసం ఆ బాట ఎలా ఉంటుందో చెబుతాను. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట, అందరూ ‘గుడ్డు’ అనే అంటారు. రెండు పక్కలా తిన్నగా ఉండి, రెండు కొసల్లో మలుపులు. ఆరేసి లారీలు ఎనిమిది చుట్లు తిరగాలి. తిరగడం ఎప్పుడూ ఎడమకే. పొద్దున మూడు పోటీలు పెడతారు, ఒక్కో పోటీలో ముందొచ్చిన రెండేసి బండ్లు సాయంత్రం ఆఖరి పందెంలో తిరుగుతాయి. బండిలో ఇద్దరుండాలి, డ్రైవరు ఒకడు, ఎడమ తలుపు దగ్గర క్లీనరు ఒకడు. ఇద్దరికీ బెల్టు, అద్దమున్న హెల్మెట్. స్టీరింగు మనకు కుడిపక్క కాబట్టి ఎడమ మలుపులో లోపలి అంచు డ్రైవరుకి కనపడదు. అది చూసి చెప్పేవాడు క్లీనరే. రేడియోలూ గీడియోలూ లేవు. తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడితే లోపల ఖాళీ ఉంది, దూరు అని. ఒక్క దెబ్బ కొడితే ఎవడో లోపలికి తల పెడుతున్నాడు, దారి మూసెయ్ అని. లోడు బండ్ల మీద మేము వాడిన లెక్కే అది.

ఇంకో తమాషా. బాటకు బయట అంచున లారీలు గుద్దుకోకుండా ఇసక బస్తాలు పేర్చారు. ఆ బస్తాలు ఏవనుకున్నారు? యార్డులో మిరపకాయలు తొక్కి పంపే గోనె టిక్కీలు. దులపకుండా ఇసక పోశారు. లారీ చక్రం వాటిని రాసుకున్నప్పుడల్లా ఎర్రటి కారం పొగ లేచి జనమంతా ఒక్కసారిగా తుమ్ముతారు. మిరపకాయల మధ్యే పుట్టి పెరిగినవాళ్లం, ఆ వాసన ముక్కుకి అలవాటై దులపాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మొదటి పోటీలోనే మస్తాన్ దిగాడు. నీలం రంగు పాత ఆరు చక్రాల బండి. వాడికి అరవై రెండేళ్లు, నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఏదో తప్పు పట్టుకుందామని కళ్లు చిట్లించుకుని చూశాను. దొరకలేదు. ఖాళీ లారీ మలుపులో ఎగురుతుంది, దాన్ని లొంగదీయడం కష్టం. వాడు బండిని లోపలి అంచుకి దారం పట్టి లాగినట్టు తిప్పాడు. నాకు అలా రాదు. ఆ సంగతి రెండో చుట్టులోనే అర్థమైంది, మిగతా ఆరు చుట్లూ దాన్ని మింగడంతోనే సరిపోయింది.

మధ్యాహ్నం ఎండకి నాలుగు గంటలు ఆట ఆపేస్తారు. పట్టా పందిరి కింద మరియమ్మ అనే ఆవిడ వంట పెట్టింది. అన్నం, కోడికూర, గోంగూర పచ్చడి, మజ్జిగ కలిపి నూట ఇరవై. సీజనులో మిరపకోతలకు పోతుందట. నేనెవరో చెప్పగానే గరిటె పట్టుకునే ఆగిపోయింది.

"మీరేనా వీరయ్య గారు? మస్తాన్ గారు రోజుకొక్కసారన్నా తలుచుకుంటారు. మా గురువుకి కుడిపక్క ఎలుక పోయినా కనపడేదంట, ఎడమపక్క ఏనుగు పోయినా తెలిసేది కాదంట. మొత్తం తొమ్మిదేళ్లు ఎడమపక్క మస్తాన్ గారే చూశారంట!"

పక్కన తింటున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ అన్నది అబద్ధమైతే ఇంత మంట ఉండేది కాదు. తొమ్మిదేళ్లు ఎడమ తలుపుకి వేలాడుతూ, లోపలి అంచు ఎక్కడుందో చక్రాన్ని చూసి నేర్చుకున్నాడు వాడు. వాడికి ఆ విద్య నా బండి మీదే వచ్చింది, నేను నేర్పకుండానే.

మూడున్నరకి మస్తానే వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే కాళ్లకు వంగబోతే భుజం పట్టుకుని ఆపాను.

"ఏరా, పెద్దోడివైపోయావు."

"మీ ముందు పెద్దేంది అన్నా. ఒక ఆపద వచ్చింది. నా క్లీనరు కరీముల్లాకి వడదెబ్బ తగిలింది, దర్శి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తన్నారు. ఎడమ మనిషి లేకపోతే బండిని దిగనియ్యరు. మీరు కూచోవాలన్నా."

"నేనా? నీకు క్లీనరుగానా?"

"మీరు తప్ప ఈడ నా చెయ్యి తెలిసినోళ్లు ఎవురున్నారు?"

"అయితే స్టీరింగు నాకియ్యి. నువ్వు నీ పాత సీట్లో కూర్చో."

వాడు తల గోక్కున్నాడు. "పొద్దున తోలినోడే తోలాలన్నా, రూలు. లేకపోతే ఇయ్యనా?"

ఇచ్చేవాడే. అదే నాకు నచ్చలేదు. కాదని తిరిగొచ్చేద్దును. ఈలోపు మైకులో ‘మస్తాన్ గారి గురువుగారు వీరయ్య గారు ఈరోజు ఎడమ సీట్లో కూర్చుంటున్నారు’ అని చెప్పేశారు, జనం ఈలలు వేశారు. కాదంటే భయపడ్డాడంటారు. పందెం దగ్గర డ్యూటీలో ఉన్న నర్సమ్మ బీపీ చూసి సరేనంది. డ్రైవరునయ్యాక మొట్టమొదటిసారి లారీకి ఎడమ తలుపు తీసుకుని ఎక్కాను.

నాలుగున్నరకి జెండా ఊపారు. ఆ సీట్లోంచి చూస్తే లారీ వేరే బండిలా ఉంటుంది. చక్రం మన కాలి కిందే తిరుగుతున్నట్టు, మట్టి అంచు మీదికొచ్చేస్తున్నట్టు. నేను రెండు దెబ్బలు కొడితే మస్తాన్ తల తిప్పకుండా లోపలికి దూరేవాడు. ఒక్క దెబ్బ కొడితే మూసేసేవాడు. ఒక్కసారి కూడా ‘నిజమేనా అన్నా’ అన్నట్టు చూడలేదు. మూడో చుట్టుకి నాలుగో స్థానం నుంచి రెండుకి వచ్చాం. అయిదో చుట్టులో మొదటికి వచ్చాం. వెనక కనిగిరి కోటయ్య పసుపు లారీ వదలకుండా తరుముతోంది. నిజం చెప్పాలంటే ఆ కాసేపు నేను కుళ్లు మర్చిపోయాను. అరచెయ్యి మండుతుంటే హాయిగా ఉంది.

ఎనిమిదో చుట్టు, ఆఖరి మలుపు. అదే మస్తాన్ మలుపు. మాకంటే ఒక చుట్టు వెనకబడ్డ బండి ఒకటి మా ముందు టిక్కీలను రాసుకుంది, ఎర్ర పొగ లేచింది. హెల్మెట్ అద్దాలు దించుకుని అందులోంచి దూసుకొచ్చాం. పొగ దాటగానే జనం అరుపులు వినపడ్డాయి. "మస్తాన్ గారూ! మస్తాన్ గారూ!" పక్క అద్దంలో చూశాను. కోటయ్య పసుపు ముక్కు మా లోపలి పక్కకి వస్తోంది. మస్తాన్ అంచుకి లారీ పట్టేంత జాగా వదిలి ఉన్నాడు. ఒక్క దెబ్బ కొడితే చాలు, మూసేస్తాడు. నా చెయ్యి తలుపు మీదే ఉంది. రేకు బోర్డు ఎదురుగా కనపడుతోంది. దాని చోట సిమెంటు దిమ్మ కనపడింది నాకు. చెయ్యి కదల్లేదు.

పసుపు లారీ లోపల్నుంచి దూరి మమ్మల్ని దాటింది. రెండో స్థానం.

మస్తాన్ బండి ఆపాడు. కిందికి దిగాం. చుట్టూ మూగినవాళ్లు ఎవరికి వాళ్లే తీర్పు చెప్పారు. "కళ్లలో కారం పడుంటది పెద్దాయనకి, పాపం." మస్తాన్ నా హెల్మెట్ తీసుకుని భుజం మీది తువ్వాలుతో తుడవబోయాడు. అద్దం బయట ఎర్రగా కారం. అద్దం లోపల ఏమీ లేదు. వాడు అద్దం రెండు పక్కలా చూశాడు, తర్వాత నా కళ్లలోకి చూశాడు.

"కారం బాగా పడిందా అన్నా?"

"పడిందిరా."

"కడుక్కోండి."

క్యాబిన్లోంచి నీళ్ల సీసా తెచ్చి, ఆ తొమ్మిదేళ్లూ పొద్దున్నే పోసినట్టే నా దోసిట్లో వాడే నీళ్లు పోశాడు. ఏమీ పడని కళ్లను నేను చాలాసేపు కడుక్కున్నాను. అంతలో ఎవరో రేకు బోర్డు ఊడదీసుకుపోయారు, రంగు మార్చడానికి. మస్తాన్ అటు చూడలేదు. దర్శి బస్టాండు దాకా తనే బైకు మీద దింపి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. బస్సు కదిలేటప్పుడు బయటినుంచి రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఖాళీ ఉంది, పోనివ్వు అని.

ఇంటికొచ్చి వారమైంది. వాడు ఓడిపోతుంటే కళ్లారా చూడాలని పోయాను, చూశాను, నేనే చేశాను. లారీలు గుద్దుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాను. కుళ్లు తగ్గిందా అంటే తగ్గలేదు. ఇప్పుడు వాడు నాకంటే బాగా తోలుతాడని ఒకటి, అన్నీ తెలిసి నీళ్లు పోశాడని ఇంకొకటి. మొదటిదానికే అన్నం సయించలేదు, రెండోది అంతకంటే పెద్దది. ఫోన్ చేశాను, రెండుసార్లు ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను. అందుకే ఇక్కడ చెబుతున్నాను. వాళ్లమ్మాయి ఈ పేజీ చదివి వినిపిస్తుందని తెలుసు. మస్తాన్ గారూ, నా కళ్లలో కారం పడలేదు. పసుపు బండి నాకు కనపడింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: మే నెలాఖరు ఆదివారం పదింటికల్లా చేరుకోండి, రెండు మలుపుల్లో రెండోదాని దగ్గర గాలి వీపుకి తగిలేలా నిలబడండి, అప్పుడు కారం మీ మీదికి రాదు. దాని పేరు ఈ ఏడాది కోటయ్య మలుపు అంటారు. ఆటో అతనికి మాత్రం మీరు మస్తాన్ మలుపనే చెప్పండి, సరిగ్గా అక్కడే దింపుతాడు.