ఈశాన్య మూలలో మేకు

ఉద్దనపల్లి తిమ్మరాయప్ప చేత్తో నున్నచేసిన ఎర్ర సిమెంటు నేలలు హోసూరులో ముప్పై ఏళ్లు మెరిశాయి. తర్వాత టైల్స్ వచ్చి ఆయన పనిని మింగేశాయి. రెండేళ్లుగా గులాబీలు పెంచే షెడ్డులో కూలికి పోతున్నాడు. అలాంటప్పుడు బట్టల వ్యాపారి మునిరత్నం పిలిపించాడు. పాత ఇల్లు బాగుచేయిస్తూ, చలికి ఆగలేక, నేల కింద వేడినీళ్ల గొట్టాలు వేయిస్తున్నాడు. పైన మాత్రం ఎర్ర నేలే కావాలన్నాడు.

"ఇది కుదిరితే మేడ మీద కూడా నీదే, తిమ్మరాయప్పా. మా బామ్మర్ది ఇల్లూ ఉండాది."

గొట్టాల పని యతీశ్‌ది. గదంతా మెలికలు తిప్పి పరిచాడు. నీళ్లు నింపి, ఒత్తిడి చూపే మీటరు బిగించాడు.

"నేల కింద పొయ్యి పెడతా ఉండారే, కూడు కూడా ఆడ్నే వండుకుంటారా?" అన్నాడు తిమ్మరాయప్ప.

"నువ్వు పైన చూసుకోన్నా, కింద నేను చూసుకుంటా. ఈ మీటరు ముల్లు దిగకుంటే చాలు, గొట్టం కారనట్టే."

గొట్టాల మీద ఎర్ర సిమెంటు పరిచి నున్నచేసేసరికి, సాయంత్రానికి కిటికీ ఊచల నీడ నేలలో అద్దంలోలా కనబడింది. అప్పుడు తిమ్మరాయప్ప, దిష్టి తగలకుండా ప్రతి నేలకూ చేసే పనే దీనికీ చేశాడు. ఈశాన్య మూలలో పచ్చి సిమెంటులోకి, తాపీ పిడితో ఇనుప మేకు కొట్టాడు. నాయన నేర్పిన అలవాటు. చివరి దెబ్బకు మేకు కొంచెం మెత్తగా దిగినట్టనిపించింది.

పొద్దున మీటరు ముల్లు సున్నా దగ్గరుంది. మూలంతా తడి. యతీశ్ వంగి మేకు తల తడిమాడు.

"ఇది ఎవురు కొట్టినారన్నా?"

"నేనే కొట్టినానప్పా. ముప్పై ఏండ్లుగా కొడతా ఉండా. ఏ ఇంటికీ ఏమీ కాలేదు."

"ఆ ఇండ్లల్లో కింద గొట్టాలు లేవు గదన్నా."

మునిరత్నం వచ్చి తడి మూల చూశాడు. మూల పగలగొట్టి గొట్టం అతికించవచ్చన్నాడు యతీశ్. కానీ ఎర్ర నేల మీద అతుకు దాగదు. అది తిమ్మరాయప్ప కంటే బాగా ఎవరికి తెలుసు?

"అతుకు కనబడకుండా చేస్తావా?" అని మునిరత్నం అడిగాడు.

అబద్ధం నోటికి రాలేదు. "అయ్యేది లేదప్పా."

"అట్లయితే పైన టైల్స్ వేయించేస్తా. మేడ మీద కూడా అదే."

ఆ మూలను తిమ్మరాయప్పే సుత్తితో పగలగొట్టాడు.

ఇంట్లో పెళ్లాం దొడ్డమ్మ అడిగింది: "నేల వెచ్చగైనాదా?"

"అవుతుంది."

"మేడ పని ఎప్పుడంట?"

తిమ్మరాయప్ప కాళ్లు కడుక్కున్నాడు. మర్నాడు గులాబీ షెడ్డు వ్యాను ఎక్కాడు. తాపీ మునిరత్నం ఇంట్లోనే ఉండిపోయింది. తెచ్చుకోవడానికి పోలేదు.