మజ్జిగన్నం దాకా

వన్ టౌన్‌లో మా అత్తవారిది ఒకప్పటి జమీందారీ ఇల్లు. జమీ పోయినా అతిథులు పోలేదు. ఇప్పుడు ఫోన్లో చెప్పి వస్తారు, పాత ఇల్లు చూసి, మేడమీద హాల్లో అరిటాకు భోజనం చేసి వెళతారు. ఆ ఇంటికో కట్టుబాటుంది. ఆకు ముందు కూర్చున్నవాళ్లని మజ్జిగన్నం తినేదాకా లేపకూడదు. అది అయ్యేదాకా ఇంటి పెద్ద, ఇప్పుడైతే మా అత్తగారు, మేడ దిగకూడదు. మా తాతమావగారు వెనక గదిలో పోయిన రోజు కూడా, పైన బంతి లేచేదాకా ఆడవాళ్లు ఏడుపు దిగమింగుకున్నారట. అత్తగారు ఈ సంగతి గర్వంగా చెప్పేవారు. నాకు మాత్రం విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆ ఆదివారం రుషికొండ ఆఫీసుల నుంచి పెద్ద గుంపే వచ్చింది. మావారు స్టీల్‌ప్లాంటు డ్యూటీలో ఉన్నారు. కింద వంటింట్లో నేను రసం పోపు పెడుతుంటే నెత్తిమీద చిటుక్కుమంది. తలెత్తి చూస్తే, హాలుని మోసే దూలంలో నిన్న లేని పగులు. చూస్తుండగానే సున్నం రాలి రసంలో పడింది. పైన ఎవరో నవ్వుతూ నడుస్తున్నారు. అడుగు పడినప్పుడల్లా ఆ పగులు నోరు తెరుస్తోంది.

పొయ్యి ఆపి, మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. నేతిగిన్నెతో నిలబడ్డ అత్తగారి చెవిలో సంగతి చెప్పాను. అందరూ ఇంకా పప్పన్నంలోనే ఉన్నారు. ఆవిడ వాళ్ల వైపు చూస్తూ ఉండిపోయారు. మజ్జిగదాకా ఆగమంటారేమో, ఆలోగా అందరం పోతామేమో అని వణికిపోయాను.

"బాబూ, ఆకులొదిలీసి లెగండి," అన్నారావిడ. "ఒక్కొక్కలే, గోడవారగా దిగండి."

దిగారు. అంతా వీధిలోకి వెళ్లాక చూస్తే అత్తగారు లేరు. మళ్లీ పైకి పరుగెత్తాను. సగం తిన్న ఆకుల మధ్య, నేతిగిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కింద మళ్లీ చిటుక్కుమంది.

"పప్పన్నం కాడ లేపీసేను. ఏ మొహం పెట్టుకుని దిగుతానే నాను?"

బతిమాలాను. చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. భయంతో ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఓ ఆకు వేసుకుని ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాను.

"నానూ ఈ ఇంటికి వచ్చినదాన్నే కదా అత్తయ్యా. నాకు మజ్జిగన్నం పెట్టండి."

ఆవిడ నా మొహంలోకి చూశారు. లేచి వడ్డించారు. మెతుకులు ఒళ్లో పడుతున్నా చూసుకోకుండా, నమలకుండా మింగాను. కింద దూలం మూలుగుతూనే ఉంది. ఆ ఇంట్లో అంత వేగంగా, అంత అమర్యాదగా అన్నం తిన్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆకు మడిచాక ఆవిడ నా వెనకే మెట్లు దిగారు.

మేము వీధి గుమ్మం దాటాక లోపల హాలు కూలింది. అరుగంతా దుమ్ము కమ్మింది. అత్తగారు అటు చూడలేదు. పట్టుకున్న నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"కడుపు నిండిందేటే?" అని అడిగారు.