ఏడింటిలో ఒక్క గోధుమరంగు పిల్ల

కుక్కల్ని ఈనించి అమ్మే ఆ షెడ్డులో చీపురమ్మది పద్నాలుగేళ్ల చాకిరీ. అక్షరం ముక్క రాదు గానీ, యజమాని పలక మీద గీసే నాలుగు గళ్లు మాత్రం ఆమెకు కొట్టిన పిండి. ప్రతి పిల్లకూ తల్లి నుంచి ఒక రంగు, తండ్రి నుంచి ఒక రంగు; రెండూ కలిస్తే నలుపే పైకి తేలుతుంది. ఏ జతకు ఏ రంగు పిల్లలు పుడతాయో వేళ్ల మీద చెప్పేది. ఆ గళ్ల పిచ్చి వల్లే ఆయనకు గళ్లాయన అని పేరు. మహానుభావుడికి లెక్క తప్పదు, జాలి పుట్టదు.

ఈసారి నల్లకుక్కను పరీక్షిద్దామని గోధుమరంగు ఆడదానితో జత కలిపాడు. నల్లకుక్క రక్తం శుద్ధమైతే పిల్లలన్నీ నల్లవే. లోపల గోధుమరంగు దాగి ఉంటే సగం ఆ రంగువే పుడతాయి. ఉన్నట్టు తేలిందా, ఇక ప్రాణం తీసే సూదిమందే దానికి గతి. తల్లి చచ్చిన ఆ నల్లవాణ్ణి సీసాతో పాలు పట్టి పెంచింది చీపురమ్మే.

ఏడు పుట్టాయి. ఆరు నల్లవి, ఒకటి గోధుమరంగు.

"సగం రావాలి కదయ్యా, ఒక్కటేగా వచ్చింది?" అంది చీపురమ్మ, గుండె చిక్కబట్టుకొని.

"ఒక్కటి చాలు. రేపు పొద్దున్నే సూది."

ఆ ఒక్కటి ఎవరిదో ఆమెకు తెలుసు. జత కలిపిన మర్నాడు ఆడకుక్క గదికి గొళ్లెం వేయడం మరిచిపోయింది. వీధిలోని గోధుమరంగు కుక్క దూరింది. చీపురు తీసుకొని తరిమేసరికే జరగాల్సింది జరిగిపోయింది. కుక్కల్లో ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుడతాయని గళ్లాయనే ఎన్నోసార్లు చెప్పాడు. కానీ గొళ్లెం మరిచినందుకే ఇదివరకటి పనిమనిషిని ఆ పూటే గెంటేశాడాయన. ఈ వయసులో గెంటేస్తే అన్నం ఎవరు పెడతారు? పాడు పొట్ట, నోరు విప్పనివ్వలేదు!

తెల్లారింది. "నువ్వే పట్టుకో. నీ దగ్గరైతే కదలడు," అన్నాడు గళ్లాయన.

నిజమే, కదల్లేదు వెర్రి సన్నాసి. ఆమె ఒడిలో తల పెట్టి తోక ఊపాడు. సూది దిగుతున్నా ఊపాడు. ఆ తోక ఆగిపోయాక చీపురమ్మ బావురుమంది.

"పాపం నాదే అయ్యా! గొళ్లెం నేనే మరిచిపోయాను. వీధికుక్క దూరింది. ఆ పిల్ల దానిదే!"

చెంప పగులుతుందనుకుంది. గళ్లాయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"అయితే ఆరుకి ఆరూ నల్లవేనన్నమాట! వీడి రక్తం శుద్ధమే! వీడి పాత పిల్లలన్నిటికీ సూది వేద్దామనుకున్నాను, బతికించావు పో!" అంటూ పలక దగ్గరికి పరుగెత్తబోయి, గుమ్మంలో ఆగాడు. "ఆ వీధికుక్క పిల్లను బకెట్లో వేసెయ్. నీళ్లు నిండా పట్టు."

పని పోలేదు. చీపురమ్మ ఒడిలోని తలను మెల్లగా నేల మీదికి దించి, లేచి కొళాయి తిప్పింది.