అక్క భుజం మీద ఎర్ర లైటు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. మాది తర్లగూడ. జొన్నచేలో మంచె మీద ఒంటరిగా కాపలా పడుకుని పెరిగినవాణ్ణి. ఎలుగుబంటికి భయపడ్డాను గానీ దయ్యానికి ఏనాడూ భయపడలేదు. ఇప్పుడైనా నమ్ముతానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మా అక్కను కిరండూల్‌లో ఇచ్చాం. బావ అక్కడి ఇనుప గనిలో డంపర్ లారీ నడిపేవాడు. పెళ్ళయిన నాటి నుంచీ కంపెనీ క్వార్టర్‌లోనే కాపురం. పిల్లలు లేరు. ఆమెకు ఆయన, ఆయనకు ఆమె, అంతే.

అక్కకు కుడి భుజం పట్టేసింది. చెయ్యెత్తి జడ కూడా వేసుకోలేని స్థితి. ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పి, నొప్పి తగ్గడానికి ఎర్ర ఎల్‌ఈడీ లైటు వెలుగు పట్టమన్నారు. అరచేతిలో ఇమిడే లైటు. నొప్పి ఉన్నచోట చర్మానికి దగ్గరగా పట్టాలి, వెలుగు కళ్ళలో పడకూడదు. భుజం వెనక తనకు తానే పట్టుకోవడం కుదరదు కదా, ఆ పని బావదే. డ్యూటీ దిగి రాగానే పెరటి కుళాయి దగ్గర ఎర్రదుమ్ము కడుక్కునేవాడు. అక్క కళ్ళకు గుడ్డ కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి లైటు పట్టేవాడు.

ఆ బావ గుండెపోటుతో పోయాడు. దినాలయ్యాక అక్క ఆ లైటును ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వ్యాయామమూ మానేసింది. ఇలాగే వదిలేస్తే ఆ చెయ్యి ఇక లేవదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పొలం నా భార్యకు అప్పగించి నేను వెళ్ళి కూర్చున్నాను. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేస్తానని బెదిరించాను. చివరికి ఒప్పుకుంది.

రోజూ మధ్యాహ్నం నేనే లైటు పట్టేవాణ్ణి. ఆ పని నాకెక్కడ చేతనవుతుంది! కాసేపటికే చెయ్యి గుంజేది, లైటు పక్కకు జారేది.

"నాగలి పట్టినట్టు పడ్తున్నవేందిరా!" అని కసిరేది అక్క. ఆ మాత్రం కసిరినా నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు సంతకు వెళ్ళాను. కూరగాయలు తీసుకుని వచ్చి తలుపు తోసేసరికి అక్క కళ్ళకు గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. వెనక మంచం మీద లైటు వెలుగుతోంది.

"ఇయ్యాల మంచిగ పట్టినవ్ తమ్మీ. చెయ్యి జర్రంత సుత వణకలె" అంది.

నేను కూరగాయల సంచి గుమ్మంలోనే దింపాను.

"కుర్చీ మీద రెండుసార్లు కొట్టుడు నీకెవరు చెప్పిర్రు?" అని మళ్ళీ అడిగింది.

నాకెవరూ చెప్పలేదు. డంపర్‌ను ముందుకు కదిలించే ముందు రెండుసార్లు హారన్ కొట్టాలట. బావ లైటు వేసే ముందు అదే లెక్కన కుర్చీ మీద వేలితో రెండుసార్లు కొట్టి "చలో" అనేవాడట. ఆ ముచ్చట నాకు తెలిసింది ఆ తర్వాతే.

"అక్కా, నేనిప్పుడే వస్తున్ననే. సంతల నుంచి."

గేటు చప్పుడు, కుళాయి చప్పుడు వినిపించి, నేనే వచ్చాననుకుని గుడ్డ కట్టుకుని కూర్చుందట. పెరట్లోకి వెళ్ళి చూశాను. కుళాయి కింద నేల తడిసి ఉంది, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. కిరండూల్‌లో ఏ నీళ్ళు పారినా ఎర్రగానే ఉంటాయి, కాబట్టి దాన్ని సాక్ష్యం అనను. అక్క లైటు తనే వేసుకుని కునుకు తీసి ఉండొచ్చు. కానీ భుజం వెనక చెయ్యి పెట్టి చూస్తే ఆ చోటు ఇంకా వెచ్చగా ఉంది. అక్కడికి ఆమె ఏ చెయ్యీ అందదు.

భయపడుతుందేమో అనుకున్నాను. అక్క మెల్లగా గుడ్డ విప్పింది. వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. బావ పోయిన నాడు కూడా నోరు విప్పి ఏడవని మనిషి, ఒక్కసారిగా బావురుమంది.

"ఇంక జరసేపు ఆగి రాకపోతివి తమ్మీ!"

నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు అక్క చెయ్యి లేస్తుంది, జడ తనే వేసుకుంటుంది. అంతా వ్యాయామం చలవేనంటాడు డాక్టరు. నేను కాదనను. ఆ మధ్యాహ్నం లైటు ఎవరు పట్టారన్నది మాత్రం ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. అక్క ఆ క్వార్టర్ ఖాళీ చేసేదాకా, బయటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ నేను గేటు దగ్గర కాసేపు ఊరికే నిలబడి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళేవాణ్ణి.